ఎర్రమట్టి దిబ్బలు: గాలి పోసినవా, గెడ్డలు (వాగులు) తెచ్చినవా?

గెడ్డగట్టు:
విశాఖ–భీమిలి మధ్య దిబ్బల్ని గాలి పోసిన ఇసుక మేటలంటే నేను ఒప్పుకోను. ఎర్ర పొరలో బంకమట్టి బాగా ఉంది. గాలి ధూళిని దూరంగా ఎగరగొట్టి ఇసుకను మాత్రమే మేట వేస్తుంది కదా, ఈ మట్టి ఎలా నిలిచింది? వెనకున్న ఖొండలైట్ అనే రాతి కొండల్లోని గార్నెట్, సిల్లిమనైట్ ఖనిజాలు ఈ ఇసుకలో దొరుకుతాయి. సముద్రపు గవ్వలూ కనిపించవు. ఇది పెద్దగెడ్డ, చిట్టిగెడ్డ దింపిన ఒండ్రే.

జల్లెడ:
ఆ బంకమట్టిలో ఎక్కువ భాగం ఇసుకతో రాలేదండీ, అక్కడే పుట్టింది. గార్నెట్ లాంటి ఇనుప ఖనిజాలు వాననీటికి చివికి, ఇనుము రేణువుల మీద హెమటైట్ (ఎర్రటి ఇనుప ఆక్సైడ్) పూతగా, మిగతాది బంకమట్టిగా మారింది. అందుకే ఈ మట్టిని నేరుగా జల్లెడ పట్టి లెక్క కడితే తప్పు వస్తుంది. 100 గ్రాములు తీసుకుని, మట్టి ముద్దల్ని విడగొట్టే సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ ద్రావణంలో రాత్రంతా నానబెట్టండి. 63 మైక్రాన్ల జల్లెడ మీద నీళ్ళతో కడిగి, మిగిలిన ఇసుకను ఆరబెట్టి, పావు ఫై (రేణువు సైజుకు వాడే కొలమానం) తేడాతో పేర్చిన జల్లెళ్ళలో 15 నిమిషాలు ఆడించండి. సరిగా విడగొట్టకపోతే రేణువులు ముద్దలుగా అంటుకుని ముతక ఇసుకలా లెక్కలోకి వస్తాయి.

గార్నెట్ ఇవాళ్టి బీచ్ ఇసుకలోనూ ఉంది. దాన్నిబట్టి పుట్టిన కొండ తెలుస్తుంది గానీ మోసుకొచ్చింది ఎవరో తెలియదు. గవ్వలంటారా, వాననీటిలోని కార్బోనిక్ ఆమ్లం వాటి సున్నాన్ని కరిగించేస్తుంది. కింది ఎరుపు–గోధుమ పొరలో ఉన్న సున్నపు గడ్డలు అలా కిందికి దిగి పేరుకున్న సున్నమే. కాబట్టి గవ్వల లేమి ఏ పక్షానికీ సాక్ష్యం కాదు.

గెడ్డగట్టు:
గవ్వల మాట సరే, వదిలేస్తాను. మరి అడుగున గులకరాళ్ళున్న చోట? గులకరాయిని గాలి ఎత్తలేదు. కనీసం ఆ పొరలు నీటివే అనాలి.

జల్లెడ:
గులకరాళ్ళ పొర నీటిదే, అందులో వాదం లేదు. పై ఇసుకకు అది సాక్ష్యమెలా అవుతుంది? దాదాపు 20,000 ఏళ్ళ క్రితం సముద్రమట్టం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా దిగి, తీరం ముందున్న లోతు తక్కువ సముద్రపు అడుగు బయటపడింది. ఎండిన ఆ ఇసుకను గాలి లోపలికి తోసింది. మేటల మధ్య పల్లాల్లో గెడ్డలు పారుతూనే ఉన్నాయి. రెండూ పక్కపక్కనే జరిగాయని నా గట్టి నమ్మకం.

కాలరేఖ:
ఇద్దరూ వయసు కట్టకుండా వాదిస్తున్నారు. ఇసుక చివరిసారి వెలుతురు చూసిన కాలాన్ని ఓఎస్ఎల్ పద్ధతి చెబుతుంది; చీకట్లో పూడిన రేణువుల్లో అప్పటినుంచి పేరుకున్న రేడియేషన్‌ను కొలుస్తుంది. గోడ ముఖాన్ని ఒక జానెడు లోపలికి చెక్కి, స్టీలు గొట్టం దిగ్గొట్టి, రెండు చివర్లూ నల్లటేపుతో మూయాలి. ల్యాబులో ఎర్రదీపం కింద తెరిచి, వెలుతురు తగిలిన చివరి ఇసుక తీసేయాలి. ఇక్కడ అసలు చిక్కు ఇసుకలో ఉండే మోనజైట్ అనే ఖనిజం. దాని థోరియం రేడియేషన్ పెంచుతుంది. ఇసుకకు ఏటా అందే ఆ మోతాదును తక్కువగా అంచనా వేస్తే వయసు ఎక్కువొస్తుంది. గొట్టం తీసిన చోటి ఇసుకలోనే యురేనియం, థోరియం, పొటాషియం కొలవాలి.

ఇంకొకటి. కోతపడి జారిన గోడల అడుగున నమూనా తీయకండి. పైనుంచి రాలిన ఇసుకకు వెలుతురు తగిలీ తగలక ఉంటుంది, వయసులు కలగాపులగమవుతాయి. 2014లో జీఎస్ఐ (భారత భూగర్భ సర్వే సంస్థ) గుర్తించిన భూవారసత్వ స్థలమిది. అనుమతి లేకుండా ఒక్క గొట్టం కూడా దించకూడదు. అనుమతి దొరికితే ఒకే నిలువు గోడలో పసుపు, ఎరుపు–గోధుమ, ఎరుపు పొరల నుంచి వరసగా తీయండి. గులకరాళ్ళ పొర కనిపిస్తే దానికి పైనా కిందా చెరొకటి తీయండి.