భువనేశ్వర్ నుంచి లండన్, అమెరికా డైరెక్ట్ ఫ్లైట్ కావాలని సంతకాలు అడుగుతున్నారు, అసలు వచ్చే అవకాశం ఉందా?

బరంపురం ఆడపడుచు:

అందరికీ నమస్కారం. మాది బరంపురం, మూడు తరాలుగా ఇక్కడే, ఇంట్లో తెలుగు, గడప దాటితే ఒడియా. అన్నయ్య డల్లాస్‌లో ఉంటాడు, తమ్ముడు దుబాయ్‌లో. నాన్నకి 71, అమ్మకి 66. కిందటేడు అన్నయ్య దగ్గరికి వెళ్ళొచ్చారు, ఆ ప్రయాణం తలుచుకుంటే నాకిప్పటికీ కళ్ళమ్మట నీళ్ళొస్తాయి. ఇక్కణ్ణుంచి రైల్లో భువనేశ్వర్, అక్కణ్ణుంచి ఢిల్లీ, రాత్రంతా కుర్చీల్లో కూర్చుని పొద్దున్న ఇంకో ఫ్లైట్, మళ్ళీ గల్ఫ్‌లో మారి డల్లాస్. ఏజెంట్ రెండు టికెట్లు విడివిడిగా తీశాడని మాకు తెలీదు, వచ్చేటప్పుడు మొదటిది లేటయ్యేసరికి ఢిల్లీలో భువనేశ్వర్ ఫ్లైట్ వెళ్ళిపోయింది, కౌంటర్‌లో అడిగితే ఇది వేరే టికెట్టు మాకు సంబంధం లేదన్నారట, అమ్మకి మోకాళ్ళ నొప్పులు, నాన్నకి హిందీ అంతంత మాత్రం, చివరికి తమ్ముడు దుబాయ్‌లో కూర్చుని ఫోన్లోనే కొత్త టికెట్ కొన్నాడు.

ఇప్పుడు మా వాట్సాప్ గ్రూపులో ఒక అర్జీ తిరుగుతోంది, భువనేశ్వర్ నుంచి లండన్‌కి, అమెరికాకి డైరెక్ట్ ఫ్లైట్ వెయ్యాలని. ఇంకొందరేమో అదెందుకు, వైజాగ్ దగ్గర భోగాపురంలో పెద్ద రన్‌వే కట్టారు కదా, పెద్ద విమానాలన్నీ అక్కడికే వస్తాయి, మనకి మూడు నాలుగు గంటల దారే అంటున్నారు. సంతకం పెట్టడానికి నాకేం అభ్యంతరం లేదు గానీ, పెడితే పనవుతుందా? ఒక ఊరి నుంచి దూరదేశం ఫ్లైట్ మొదలెట్టాలంటే నిజంగా ఏం చూస్తారో తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

పర్లాకిమిడి పెద్దన్న:

అమ్మా, నేను ఒక ఎయిర్‌లైన్‌లో రూట్ ప్లానింగ్ టీంలో ఎనిమిదేళ్ళు చేశాను, ఇప్పుడు మానేసి ఊళ్ళోనే ఉంటున్నా. ముందు రన్‌వే సంగతి. భువనేశ్వర్‌ది 2,743 మీటర్లు, భోగాపురంది 3,800. లండన్ మనకి 8,000 కిలోమీటర్ల చిల్లర, అంత దూరానికి బోయింగ్ 787 లాంటి పెద్ద విమానం మొయ్యాల్సిన ఆయిలే 50 టన్నుల దగ్గరుంటుంది, ఏప్రిల్ మే నెలల్లో మన ఎండకి గాలి పలచబడుతుంది, అప్పుడు రెక్కకి లిఫ్ట్ తగ్గుతుంది, ఇంజన్‌కి బలం తగ్గుతుంది, పొట్టి రన్‌వే అయితే మనుషుల్నో సరుకునో దింపేసి ఎగరాలి. ఆ లెక్కన భోగాపురం నిజంగా మేలే. పైగా ఇప్పుడున్న వైజాగ్ ఎయిర్‌పోర్టు నేవీ వాళ్ళ ఐఎన్ఎస్ డేగ, అక్కడ సివిల్ విమానాలకి వాళ్ళిచ్చిన టైముల్లోనే చోటు. కొత్తదాంట్లో ఆ ఇబ్బంది ఉండదు. కానీ రన్‌వే ఉంది కదా అని ఎవడూ విమానం తీసుకురాడమ్మా, అది గుమ్మం లాంటిది, లోపలికి రావడానికి కారణం వేరే ఉండాలి.

ఎయిరిండియా పాత 787లో 256 సీట్లుండేవి. వారానికి మూడు రోజులు వేసినా వెళ్ళేవాళ్ళు 768 మంది, వచ్చేవాళ్ళు 768 మంది కావాలి, అదీ ఏడాదంతా. మన దగ్గర ఏమవుతుందంటే మే జూన్‌లో, డిసెంబర్‌లో సీట్లు దొరకవు, ఫిబ్రవరిలో, ఆగస్టులో సగం ఖాళీ. దానికితోడు మనవాళ్ళు దాదాపు అందరూ అమ్మానాన్నల్ని చూడ్డానికో పిల్లల్ని చూడ్డానికో వెళ్ళేవాళ్ళు, నాలుగు నెలల ముందే చవకలో కొంటారు. లాంగ్ హాల్‌లో, అంటే దూరదేశాల ఫ్లైట్లలో, డబ్బు తెచ్చేది ముందున్న బిజినెస్ క్లాస్, కంపెనీ పని మీద రేపే వెళ్ళాలని కొనేవాళ్ళు. వాళ్ళు లేకపోతే వెనక క్లాసు నిండినా లెక్క తేలదు.

ఎంత గట్టి దెబ్బో చెప్పాలంటే కలకత్తాని చూడండి. బ్రిటిష్ ఎయిర్‌వేస్ లండన్ ఫ్లైట్‌ని 2009లో తీసేసింది, లుఫ్తాన్సా ఫ్రాంక్‌ఫర్ట్‌ది 2012లో తీసేసింది. విమానాలు ఖాళీగా పోయి కాదు, డబ్బిచ్చే ప్యాసింజర్ తక్కువై. కొచ్చిలో ఎయిరిండియా 2020లో లండన్ మొదలెట్టి 2025 మార్చిలో ఆపేసింది. మరి అమృత్‌సర్ నుంచి 2018లో బర్మింగ్‌హామ్ ఎందుకు వేశారంటే అక్కడ రెండు వైపులా కుటుంబాలు, పెళ్ళిళ్ళు, గురుద్వారా దర్శనాలు, సీజన్ అంటూ లేకుండా జనం తిరుగుతూనే ఉంటారు. దీనికి పైన 2025 ఏప్రిల్ నుంచి మన ఎయిర్‌లైన్లకి పాకిస్తాన్ ఆకాశం మూసేశారు, చుట్టూ తిరిగి వెళ్ళాలంటే ఆయిలూ పెరుగుతుంది, పైలట్ల గంటలూ పెరుగుతాయి. భువనేశ్వర్–లండన్ అని ఇప్పుడు నేను మా పాత ఆఫీసులో కాగితం పెడితే మొదటి మీటింగ్ దాటదు. బాధగానే ఉంది చెప్పడానికి.

బల్లార్షా కుర్రోడు:

అక్కా మాది బల్లార్షా, చంద్రపూర్ జిల్లా, ఇక్కడ మా తెలుగోళ్ళు మస్తుమంది ఉంటరు, బొగ్గు గనులల్ల పనికి వచ్చిన తాతల కాలం నుంచి. మాకు డైరెక్ట్ అమెరికా లేదు గానీ నాగ్‌పూర్ నుంచి దోహా ఉంది, ఖతర్ ఎయిర్‌వేస్ 2015ల మొదలువెట్టింది, షార్జాకు ఎయిర్ అరేబియా గూడ ఉంది. మా చెల్లె టొరంటోల ఉంటది, మా అమ్మను అట్లనే పంపినం, ఇంటి నుంచి నాగ్‌పూర్‌కు రైల్ల మూడు గంటలు, నాగ్‌పూర్‌ల బ్యాగులు ఇస్తే మళ్ళ టొరంటోలనే తీసుకున్నది, నడుమ ఒక్కసారే దిగుడు. మొదలు మేము హైదరాబాద్‌కే పోయేటోళ్ళం, అంటే రాత్రంతా రైలు, అక్కడ చుట్టాల ఇంట్ల ఒక పూట, మళ్ళ ఎయిర్‌పోర్టుకు రెండు గంటలు. గిదే చాలనిపిస్తది నాకైతే. డైరెక్ట్ లండన్ అని అడిగేకన్నా ఒక మంచి హబ్‌కు ఫ్లైట్ అడిగితే అక్కడికెళ్ళి ఏ దేశమన్నా పోవచ్చు కదా. కానీ నాకు సమజ్ కాని ముచ్చట ఒక్కటి, నాగ్‌పూర్‌కు దోహా వచ్చినప్పుడు భువనేశ్వర్ అంత పెద్ద రాజధానికి, వైజాగ్ అంత పెద్ద ఊరికి ఆ గల్ఫ్ కంపెనీలు ఎందుకు వస్తలేవు? పెద్దన్న చెప్పాలె.

సుర్లా రోడ్డు:

బాగా అడిగాడు తమ్ముడు. అప్పా, ఏటనుకోకండి గానీ అర్జీలో అంతా లండనూ అమెరికానే ఉంది, గల్ఫ్‌కి పోయే కూలోళ్ళ మాటే లేదేటి? మాది ఇచ్ఛాపురం పక్కన ఒడిశా వైపు ఊరు, మా ఈదిలో ప్రతి మూడిళ్ళకీ ఒకడు గల్ఫ్‌లోనే ఉన్నాడు, వెల్డింగు, పైపు ఫిట్టింగు, స్కఫోల్డింగు. అంతా బొంబాయో హైదరాబాదో పోయి ఎక్కుతారు. జనరల్ బోగీలో నిలబడి పోయి, ఎయిర్‌పోర్టు బయట ఒక రాత్రి పడుకుని. సెలవు ముప్పై రోజులిస్తే అందులో రానూ పోనూ నాలుగు రోజులు మన దేశంలోనే పోతాది. మా మేనమామ కొడుకు రెండేళ్ళ కిందట అక్కడ పనిలో పోయాడు, బాడీ హైదరాబాద్‌లో దింపితే అక్కణ్ణుంచి అంబులెన్సులో ఊరికి తీసుకురాడానికి ఒక పగలూ ఒక రాత్రీ పట్టింది, మా అత్త గుమ్మంలోనే కూచునుంది అంతసేపూ. భువనేశ్వర్‌లో దిగుంటే నాలుగు గంటల్లో వచ్చీవాడు. అంచేత నాకు కావలసింది గల్ఫ్ ఫ్లైటు, రోజూ, సవగ్గా. 2023లో భువనేశ్వర్ నుంచి దుబాయ్ వేసినప్పుడు మావోళ్ళు ఎంత సంబరపడ్డారో, కానీ బొంబాయి మీదుగా పోతే తక్కువకి వస్తాదని మళ్ళీ అటే పోనారు. డైరెక్ట్ దానికి ఎక్కువ ఎందుకు తీసుకుంటారో కూడా చెప్పండి.

పర్లాకిమిడి పెద్దన్న:

మీ మేనమామ కొడుకు గురించి చదివి చాలాసేపు ఏం రాయలేకపోయాను బాబూ. మీ మాట నిజం, మన వైపు నుంచి ఏడాదంతా ఆగకుండా తిరిగే ప్యాసింజర్ అంటూ ఉంటే అది గల్ఫ్ కార్మికుడే.

బల్లార్షా తమ్ముడి ప్రశ్న అసలైన ప్రశ్న. విదేశీ ఎయిర్‌లైన్ ఇష్టమొచ్చిన ఊళ్ళో దిగడానికి లేదు, రెండు దేశాల ఒప్పందంలో వారానికి ఇన్ని సీట్లు, ఇదిగో ఈ ఊళ్ళు అని రాసుంటుంది. దుబాయ్‌తో మనకున్న ఒప్పందం వారానికి ఒక్కో వైపుకీ సుమారు 66,000 సీట్లు, అవి ఎప్పుడో నిండిపోయాయి. కొత్త సీటు దొరక్కపోతే వాళ్ళు ఉన్నదాన్ని ఢిల్లీ, బొంబాయి, హైదరాబాద్‌లోనే వాడుకుంటారు, టికెట్ రేటు అక్కడ ఎక్కువ వస్తుంది కాబట్టి. అదే ఆగ్నేయాసియా వైపు చూడండి, ఆసియాన్ దేశాల ఎయిర్‌లైన్లకి మన ప్రభుత్వం 18 టూరిస్టు ఊళ్ళకి లెక్క లేకుండా తిరగనిచ్చింది, ఆ 18లో భువనేశ్వరూ ఉంది, వైజాగూ ఉంది. అందుకే వైజాగ్‌కి సిల్క్ ఎయిర్, తర్వాత స్కూట్ సింగపూర్ నుంచి వచ్చాయి, భువనేశ్వర్‌కి 2017లో ఎయిర్ ఏషియా కౌలాలంపూర్ నుంచి వచ్చింది. మనవాళ్ళు ఎక్కువ వెళ్ళేది పడమరకి, తలుపు తెరిచి ఉన్నది తూర్పుకి, చిక్కంతా అక్కడే. తూర్పు ఫ్లైట్లు పనికిరావని కాదు, ఆస్ట్రేలియా వెళ్ళేవాళ్ళకి సింగపూర్ మంచి దారి, మన తీరంలో దొరికే మండపీతలు బతికుండగానే సింగపూర్ మార్కెట్‌కి వెళ్తాయి, ఆ సరుకు చెన్నై దాకా లారీలో పోయే బదులు ఇక్కడే విమానం పొట్టలో ఎక్కితే రూట్‌కి కాస్త ఊపిరి.

ఇక మిగిలింది మన దేశపు ఎయిర్‌లైన్లు. 2023 మేలో ఇండిగో భువనేశ్వర్–దుబాయ్, జూన్‌లో సింగపూర్, బ్యాంకాక్ వేసింది ఒడిశా ప్రభుత్వం లోటు పూడుస్తానంటేనే. దాన్ని వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ అంటారు. అది మంచిదే కానీ దాని మీదే ఆధారపడితే ఏమవుతుందో విజయవాడ వాళ్ళు చూశారు, 2018 డిసెంబర్‌లో ఆంధ్ర ప్రభుత్వ సాయంతో సింగపూర్ ఫ్లైట్ మొదలైంది, 2019లో సాయం ఆగింది, ఫ్లైటూ ఆగింది. రేటు సంగతికి వస్తే, బొంబాయి నుంచి దుబాయ్‌కి రోజూ పదుల కొద్దీ ఫ్లైట్లు పోటీ పడతాయి, ఇక్కడ వేసినవాడు ఒక్కడే, అదీ రోజూ కాదంటే ఆ ఒక్క విమానం ఖర్చంతా ఆ 180 సీట్లే మొయ్యాలి.

ఇప్పుడు నేను అసలు చెప్పదలుచుకున్నది. మా పనిలో లీకేజీ అనే మాటుంది. ఎయిర్‌లైన్ ఆఫీసులో కూర్చున్నవాడికి బరంపురం కనపడదు, టికెట్ ఏ ఊళ్ళో మొదలైందో అదొక్కటే కనపడుతుంది. మీ ఊరివాళ్ళు రైలెక్కి హైదరాబాద్ వెళ్ళి అక్కడ విమానమెక్కితే వాళ్ళు హైదరాబాద్ ప్యాసింజర్లు. కలకత్తాలో ఎక్కితే కలకత్తా వాళ్ళు. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వాళ్ళు వైజాగ్ రైల్లో వచ్చి అక్కణ్ణుంచి హైదరాబాద్‌కి వేరే టికెట్ కొంటే అది డొమెస్టిక్ లెక్కలో పడుతుంది. అంటే మన జిల్లాల నుంచి గల్ఫ్‌కీ అమెరికాకీ వెళ్ళేవాళ్ళు ఆ లెక్కల్లో ఎక్కడా లేరు. నేనున్న ఎనిమిదేళ్ళలో సంతకాల కట్ట చూసి ఒక్క రూట్ కూడా కదలడం చూడలేదు, కానీ ఏ నెలలో, ఏ ఊరికి, ఎంతమంది, ఎక్కడ ఎక్కారు, ఎంత పెట్టి కొన్నారు అని ఒక జిల్లా ట్రావెల్ ఏజెంట్లంతా కలిసి ఇచ్చిన రెండు పేజీల కాగితం మీద మీటింగ్ పెట్టడం చూశాను. ఆ కాగితం ఎయిర్‌పోర్టు డైరెక్టర్‌కీ, రాష్ట్ర విమానయాన శాఖకీ, ఎయిర్‌లైన్‌కీ మూడు చోట్లకీ వెళ్ళాలి, వాళ్ళు ఎలాగూ కొత్త రూట్ల కోసం ఎయిర్‌లైన్ల చుట్టూ తిరుగుతుంటారు, చేతిలో ఇది ఉంటే మాట్లాడగలరు. సంతకం పెట్టండమ్మా, దాని పక్కనే ఈ వివరాలకి నాలుగు గళ్ళు కూడా గియ్యమనండి.

బల్లార్షా కుర్రోడు:

అర్థమైంది అన్నా. మా దిక్కు గూడ సిరొంచ, గడ్చిరోలి నుంచి అందరు హైదరాబాద్ లెక్కలనే పడుతున్నరన్నట్టు. సిరొంచ నుంచి నాగ్‌పూర్ కన్నా హైదరాబాదే సుఖమనుకుంటరు, నిజానికి రెండూ దూరమే.

బరంపురం ఆడపడుచు:

పెద్దన్నగారూ, ఇంత ఓపిగ్గా రాసినందుకు ఏమని చెప్పాలో తెలీట్లేదు. సుర్లా రోడ్డు తమ్ముడూ, నువ్వన్నది నిజం, మా గ్రూపులో అందరూ పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్ళే, మీవైపు వాళ్ళని ఎవరూ చేర్చలేదు, ఆ తప్పు నాది కూడా. నిన్న సాయంత్రం మా వీధిలో ఇంటింటికీ వెళ్ళి అడిగాను. 22 ఇళ్ళు, కిందటేడు నుంచి ఇప్పటిదాకా విదేశం వెళ్ళొచ్చినవాళ్ళు 17 మంది. అందులో 9 మంది హైదరాబాద్‌లో ఎక్కారు, 5గురు కలకత్తాలో, భువనేశ్వర్ నుంచి ముగ్గురే, ఆ ముగ్గురిలో ఇద్దరు మా అమ్మానాన్నలే. అర్జీ రాసినాయనకి ఫోన్ చేసి గల్ఫ్ మొదట పెట్టమన్నాను, గళ్ళు కూడా వేద్దామన్నారు. అమ్మావాళ్ళు మళ్ళీ నవంబర్‌లో వెళ్ళాలి, ఈసారి ఏం చూసుకోమంటారు?

పర్లాకిమిడి పెద్దన్న:

భువనేశ్వర్ నుంచి డల్లాస్ దాకా ఒకటే పీఎన్ఆర్ మీద టికెట్ తియ్యమనండి, రెండు వేల రూపాయలు ఎక్కువైనా సరే, అప్పుడు ఒకటి లేటైతే రెండోది చూసుకోవాల్సింది వాళ్ళే. వీల్‌చైర్ టికెట్ కొన్నప్పుడే రాయించండి, ఎయిర్‌పోర్టులో అడుగుదాంలే అనుకోవద్దు. మధ్యలో కనీసం మూడు గంటలుండాలి. నాన్నగారి జేబులో అన్నయ్య నంబరూ, ఫ్లైట్ నంబర్లూ ఇంగ్లీషులో, హిందీలో రాసిన చీటీ ఒకటి పెట్టండి. మీ వీధి లెక్క నాకు పంపండి, పర్లాకిమిడిది నేను మొదలుపెడతాను.

సుర్లా రోడ్డు:

మా ఈది నాది. ఆదివారానికి తెస్తాను అప్పా, పక్క రెండు పల్లెలు కూడా.