దసరా తర్వాత, జనం లేని కొండ శిఖరం: శ్రీకాకుళం నుంచి ఒక్కరోజులో

వంశధార ఒడ్డు:
అందరికీ నమస్కారం. వానలు వెనక్కి తగ్గాయి, ఎండలో ఆ మంట లేదు, పొద్దున్నే మేడెక్కితే కొండల వరస స్పష్టంగా కనిపిస్తోంది. ఇంట్లో కూర్చోబుద్ధి కావట్లేదు. నేను, మా బావమరిది, ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి ముగ్గురం తెల్లవారుజామున బయల్దేరి ఏదైనా కొండ ఎక్కి రాత్రికి ఇల్లు చేరాలని ఆలోచన. పాడేరు దగ్గర వంజంగి వెళ్లొచ్చాం, మబ్బులు అద్భుతమే కానీ ఆ జనం, ఆ స్పీకర్లు, సెల్ఫీల కోసం తోపులాట నాకు పడవు. పైన కాసేపు నిశ్శబ్దంగా కూర్చోవాలి, నాకు కావలసింది అదే. మందస వైపు నుంచి మహేంద్రగిరి నడిచి ఎక్కి అదే రోజు దిగిపోవచ్చా? లేకపోతే దేవమాలి మేలా? మా అమ్మాయి నడవగలదు కానీ ఇంత పెద్ద కొండ ఎప్పుడూ ఎక్కలేదు.

మందస మామిడితోట:
అన్నా, మహేంద్రగిరి అంటే మా ఊరివాళ్లకి ప్రాణం కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను. ఎత్తు 1501 మీటర్లు, శిఖరం ఒడిశా గజపతి జిల్లాలో ఉంది. మా వైపు కొండ మొదలు సముద్రమట్టానికి పెద్దగా ఎత్తులో ఉండదు, అంటే కాలినడకన దాదాపు పద్నాలుగు వందల మీటర్లు ఎక్కాలి. అలవాటున్న మనిషి గంటకి మూడొందల మీటర్లు ఎక్కుతాడనుకున్నా అయిదు గంటలు, దిగడానికి ఇంకో నాలుగు. నవంబరులో అయిదున్నర దాటకముందే పొద్దు గుంకుతుంది, అడవిలో ఇంకా ముందే చీకటి పడుతుంది. మొదటిసారి ఎక్కే పిల్లతో అది వద్దని గట్టిగా చెబుతాను. దారి తెలిసిన సవర గిరిజనుడి తోడు లేకుండా పెద్దవాళ్లు కూడా వెళ్లకూడదు, ఆ దారులన్నీ వాళ్లు పోడుకీ పశువులకీ నడిచే దారులు, చీలికలు చాలా. తోడు వచ్చినాయనకి రోజు కూలి కంటే ఎక్కువే ఇవ్వండి.

మీకు సరిపడేది పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా వెళ్లే దారి. రోడ్డు బాగా పైదాకా ఉంది, కొంత ముందే బండి ఆపేసి మిగతాది నడవండి. కింద దట్టమైన అడవి, పైకొచ్చేసరికి గడ్డి మైదానాలు, గాలి. భీముడి గుడి, కుంతి గుడి, ధర్మరాజు గుడి అని పిలిచే పాత రాతి గుళ్లు అక్కడే ఉన్నాయి. కళింగను ఏలిన తూర్పు గంగరాజులకి ఈ కొండ మీది గోకర్ణేశ్వరుడే ఇలవేలుపు. బారువ దగ్గర సముద్రంలో కలిసే మన మహేంద్రతనయ పుట్టేది కూడా ఈ కొండల్లోనే. శివుడి కొండ కాబట్టి కార్తీక సోమవారాలు, పౌర్ణమి వదిలేయండి, శివరాత్రికైతే జాతరే. మామూలు మంగళవారమో బుధవారమో వెళితే మీరడిగిన నిశ్శబ్దం దొరుకుతుంది. 2022లో ఒడిశా ప్రభుత్వం దీన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది, ప్లాస్టిక్ కవరు ఒక్కటి కూడా పైన వదలకండి, దయచేసి.

సాలూరు ఘాట్:
దేవమాలి గురించి నేను చెబుతాను. 1672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తయిన శిఖరం. విజయనగరం వాళ్లకి సాలూరు, సుంకి ఘాట్, పొట్టంగి మీదుగా తేలిక. చూపు ఆగదు, నాలుగు దిక్కులా కొండలే. కానీ కార్లు దాదాపు శిఖరం దాకా పోతాయి, అందుకే శని ఆదివారాలు అక్కడా వంజంగి పరిస్థితే. నడక కోసం వెళ్లేవాళ్లకి నేనైతే చెప్పను.

ముందు అమ్మాయికి కాళ్లు అలవాటు కావాలంటే రామతీర్థం రండి. గురుభక్తులకొండ, దుర్గకొండ, బోడికొండ పక్కపక్కనే ఉంటాయి, చిన్న కొండలే, గురుభక్తులకొండ మీద బౌద్ధుల కట్టడాల శిథిలాలు ఉన్నాయి. జనమంతా కింద రాములవారి గుడి దగ్గరే ఆగిపోతారు, పైన మీరే. కార్తీకంలో ఆదివారాలు మాత్రం వనభోజనాల గోల ఎక్కడైనా తప్పదు. శ్రీకాకుళానికి ఇంకా దగ్గరలో కావాలంటే శాలిహుండం, అదీ చిన్నదే, కింద వంశధార కనిపిస్తుంది.

పాతపట్నం సిస్టర్:
ఆసుపత్రిలో పనిచేస్తాను, ఒక్క విషయం చెప్పి ఊరుకుంటాను. వానలు తగ్గిన ఈ నెలల్లో గడ్డిలో, పొదల్లో ఉండే కంటికి ఆనని పురుగు కుట్టి స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. ఫుల్ ప్యాంటు వేసుకుని అంచులు సాక్సుల్లోకి దోపండి, పచ్చిక మీద పడుకోవద్దు, కూర్చోవాలంటే దుప్పటి పరచండి. ఇంటికొచ్చాక వేడినీళ్లతో స్నానం చేసి ఆ బట్టలు ఉతికేయాలి. జ్వరం వెంటనే రాదు, వారం పది రోజులు ఆగి వస్తుంది, అందుకే కొండకీ జ్వరానికీ సంబంధం ఎవరికీ తట్టదు. జ్వరం, తలనొప్పి వస్తే డాక్టరుకి అడవికి వెళ్లిన సంగతి ముందే చెప్పండి, ఒంటి మీద సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పక్కు ఉందేమో చంకల్లో, నడుం దగ్గర చూసుకోండి. తొందరగా గుర్తిస్తే మామూలు మందులతోనే తగ్గుతుంది, ఆలస్యమైతేనే ప్రమాదం.

వంశధార ఒడ్డు:
అందరికీ చాలా థాంక్స్. సిస్టర్ గారూ, ఇది మాకు అసలు తెలియదు. ఈ వారం రామతీర్థం, తర్వాత పర్లాకిమిడి వైపు నుంచి మహేంద్రగిరి అనుకుంటున్నాం. తమ్ముడూ, తుపాను సంగతేంటి? ఇంట్లోవాళ్లకి అదే టెన్షన్. పైన చలి ఎంత ఉంటుంది?

మందస మామిడితోట:
ఆ టెన్షన్ సరైనదే అన్నా. పైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014లో అదే తేదీన, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా పడిపోయాయో కళ్లారా చూసినవాళ్లం. బంగాళాఖాతంలో అల్పపీడనం అని వాతావరణ శాఖ చెప్పిందంటే ఆ వారం కొండ ఆలోచన మానేయండి, ఇక్కడ ఎండ కాస్తున్నా సరే, ఎందుకంటే పైన కురిస్తే వాగులు చూస్తుండగానే పొంగుతాయి. మధ్యాహ్నం ఉరుము వినపడితే గడ్డి మైదానంలో నిలబడొద్దు, వెంటనే దిగిపోండి. చలి అంటారా, శ్రీకాకుళంలో కంటే ఎనిమిది తొమ్మిది డిగ్రీలు తక్కువ ఉంటుందని లెక్కేసుకోండి, గాలికి ఇంకా ఎక్కువ అనిపిస్తుంది, అమ్మాయికి స్వెట్టరూ తలకి స్కార్ఫూ ఉండాలి. మంచినీళ్లు మనిషికి మూడు లీటర్లు ఇంటి నుంచే పట్టుకెళ్లండి. ఎక్కడిదాకా ఎక్కినా సరే మధ్యాహ్నం పన్నెండున్నరకి వెనక్కి తిరగాలి. రోజు ఖాయమయ్యాక ఇక్కడ రాయండి, పైన వాతావరణం ఎలా ఉందో అటువైపు ఉన్న మావాళ్లని అడిగి చెబుతాను.