"పన్ను ముందు" అంటే ముందు కట్టాలా, తర్వాత కట్టాలా?

సభ్యులకు నమస్కారం. మా బావమరిది 2024 ఆగస్టులో అమెరికాలోని షార్లెట్‌లో మొదటి ఉద్యోగంలో చేరాడు. 401కె లో, అంటే రిటైర్మెంటుకని జీతంలోంచి దాచుకునే ఖాతాలో, ఏది ఎంచుకోమంటావు బావా అని ఫోన్ చేశాడు. నేను డ్రైవింగ్‌లో ఉన్నాను, "పన్ను ముందు దాంట్లో పెట్టెయ్‌రా" అనేశాను. నా ఉద్దేశం పన్ను ముందే కట్టేసే రకం, అంటే రాత్. వాడికి స్క్రీన్ మీద "ప్రీ టాక్స్" కనబడింది. ప్రీ అంటే ముందేగా! టిక్ పెట్టేశాడు. అదేమో పన్ను ఇప్పుడు కాకుండా డబ్బు తీసేటప్పుడు కట్టే రకం. జనవరిలో పే స్టబ్ చూసేదాకా ఇద్దరికీ తెలియలేదు.

ఏడాది జీతం 90 వేల డాలర్లు. ఆ ఏడు చేతికొచ్చింది ఐదు నెలలదే కాబట్టి వాడు 12 శాతం శ్లాబులో ఉన్నాడు. మరుసటి ఏడు 22. పన్ను ముందే కట్టేయడానికి అంతకన్నా చవకైన ఏడాది వాడికి మళ్లీ దొరకదేమో.

తప్పు నాదే. కానీ మాటలో కూడా ఏదో తిరకాసుంది. ఇంగ్లిషులో ఆ మాట డబ్బు గురించి, పన్ను పడకముందున్న డబ్బు అని. తెలుగులో "పన్ను ముందు" అంటే ముందు పన్ను సంగతి చూడు అన్నట్టుంది. "పన్ను తర్వాత" అంటే తర్వాత కట్టొచ్చులే అన్నట్టుంది. రెండూ సరిగ్గా తిరగబడ్డాయి. పోనీ "ముందు పన్ను" అందామంటే మా అమ్మాయి నోరు తెరిచి ఊడిన పన్ను చూపించింది.

జవాబు: అక్కడ విభక్తి లేకపోవడమే తంటా అండీ. "భోజనానికి ముందు" అంటే ఎవరూ పొరబడరు. "పన్నుకు ముందు" కొంత నయం. అయినా తెలుగుకు అలవాటైన దారి క్రియతో చెప్పడం. నానబెట్టిన పప్పు, నానబెట్టని పప్పు అంటాం కదా. అలాగే పన్ను కట్టిన డబ్బు, పన్ను కట్టని డబ్బు.

జవాబు: "కట్టని" అంటే ఎగ్గొట్టిందేమో అనుకుంటారు సార్! "ఇంకా కట్టని" అనండి. ఇంకో మాట. ఇండియా నుంచి వెళ్లినవాళ్లం 80సి, పీపీఎఫ్ అలవాటు కొద్దీ అన్నిటినీ "మినహాయింపు" అనేస్తాం. ప్రీ టాక్స్‌లో ఉన్నది మినహాయింపు కాదు, వాయిదా. 1,000 డాలర్లు వేస్తే ఎనిమిదింతలై 8,000 అయిందనుకోండి, తీసేటప్పుడు 22 శాతం పోతే 6,240. రాత్‌లో ముందే 22 శాతం పోయి 780 వేస్తారు, ఎనిమిదింతలైతే అదీ 6,240. రేటు మారకపోతే రెండూ ఒకటే. ఇప్పటి రేటు ఎక్కువా, అప్పటి రేటు ఎక్కువా అన్నదే అసలు ప్రశ్న.

జవాబు: మా వైపు పొలం కోరుకిస్తే పంట వచ్చాక వాటా కొలుస్తారు. మక్తాకిస్తే రూపాయల్లో మాట్లాడుకుని, కొన్నిచోట్ల ముందే కట్టించుకుంటారు. ప్రీ టాక్స్ కోరు, రాత్ ముందస్తు మక్తా. సరిపోలేదూ?

మొదట అడిగినవారు: బాగుందండీ, మా మామగారికైతే ఇలాగే చెబుతాను. కానీ కోరులో సగమా, మూడోవంతా అన్నది దుక్కి దున్నకముందే అనుకుంటారు. ఇక్కడ ఆ వంతు ఎంతో ముప్పై ఏళ్ల తర్వాతి ప్రభుత్వం చెబుతుంది. అలాంటి కోరుకు మా ఊళ్లో ఎవరూ ఒప్పుకోరు.

జవాబు: ఇంకో చిక్కు. కొన్ని కంపెనీల ప్లాన్లలో "ఆఫ్టర్ టాక్స్" అని రాత్ కాని మూడో రకం ఉంటుంది. అందులోనూ వేసేది పన్ను కట్టిన డబ్బే, కానీ దాని మీద పెరిగినదానికి తీసేటప్పుడు పన్ను పడుతుంది. రాత్‌లో ఐదేళ్లు నిండి, వయసు 59న్నర దాటితే పెరిగిందానికీ పడదు. కాబట్టి "పన్ను కట్టిన" ఒక్కటే చాలదు, రాత్‌ను రాత్ అనే ఉంచండి. 1997 చట్టంతో మొదట వచ్చిన రాత్ ఐఆర్ఏకు (కంపెనీతో పని లేకుండా సొంతంగా తెరిచే రిటైర్మెంటు ఖాతా) డెలావేర్ సెనేటర్ విలియం రాత్ పేరు పెట్టారు, 401కె లోకి ఆ పేరు తర్వాత వచ్చింది, మనిషి పేరును అనువదించలేం. "రోత్" అని మాత్రం రాయకండి, రోత గుర్తొస్తుంది.

మొదట అడిగినవారు: ఇప్పుడే వాడికి "ఇంకా కట్టనిది వద్దు, కట్టేసింది పెట్టు, పేరు రాత్" అని మెసేజ్ పెట్టాను. "అదేదో అప్పుడే చెప్పొచ్చుగా బావా" అన్నాడు.