చర్చ: ప్రతాపరుద్ర గజపతి ఓటమికి కారణం చైతన్యుడా, కొలువులోని వాళ్లా?

రుషికుల్య (బరంపురం):
రథయాత్ర దగ్గరపడితే మన ఊళ్లో ఈ వాదన మళ్లీ లేస్తుంది. వైష్ణవ సన్యాసి చైతన్యుడి ప్రభావంలో పడి ఒడిశా రాజు ప్రతాపరుద్రుడు కత్తి దించేశాడని, అందుకే విజయనగర రాజు కృష్ణదేవరాయలు విశాఖ దగ్గరి పొట్నూరుదాకా వచ్చి జయస్తంభం నాటాడని. చరిత్రకారుడు రాఖాల్‌దాస్ బెనర్జీ కూడా ఒడిశా సైనిక పతనానికి చైతన్యుడినే తప్పుపట్టాడు. నేనూ అదే అంటాను. గోదావరి సీమను ఏలుతున్న రామానందరాయలు రాజమహేంద్రవరం వదిలి పూరీకి వచ్చేశాడు. చైతన్యుడి జీవితకథ చైతన్య చరితామృతం ప్రకారం రాజు అతనికి పాత జీతమే ఇస్తూ చైతన్యుడి సేవ చేసుకోమన్నాడు. దక్షిణాన యుద్ధం ముసురుకుంటున్న వేళ!

మహేంద్రగిరి (పర్లాకిమిడి):
రుషికుల్య గారూ, ముందు సంవత్సరాలు చూడండి. 1509లో రాజు దక్షిణాదిన ఉండగా బెంగాల్ హుసేన్ షా సేన ఒడిశా మీద పడింది. పూరీ జగన్నాథ ఆలయ చరిత్ర గ్రంథం మాదలాపంజి చెప్పేదేమంటే, కటకం కాపలా ఉన్న గోవింద విద్యాధరుడు సారంగగడకు తప్పుకున్నాడు. రాజు ఆఘమేఘాల మీద వచ్చి శత్రువును బెంగాల్‌లోని మందారణ్ కోటలో ముట్టడిస్తే విద్యాధరుడు ఆ శత్రువులతోనే చేతులు కలిపాడు. అయినా శిక్ష లేదు. రాజే రాజీపడి అధికారం మళ్లీ అతనికే అప్పగించాడు. చైతన్యుడు పూరీలో కాలుపెట్టింది 1510లో. వెంటనే దక్షిణ యాత్రకు వెళ్లి 1512లో తిరిగొచ్చాడు.

శిక్షించలేకపోవడానికి కారణం దూరం. కటకం నుంచి నెల్లూరు సీమలోని ఉదయగిరి సుమారు 1000 కిలోమీటర్లు. రాజు ఒక కొసన ఉంటే రెండో కొస ఎవరో ఒకరికి వదలాల్సిందే. ఇక ఉదయగిరిలో, పోర్చుగీసు రచయిత నూనిజ్ లెక్క ప్రకారం, ఉన్నది 10,000 కాల్బలం, 400 గుర్రాలు. కృష్ణదేవరాయలు రాళ్లు పగలగొట్టించి దారులు వేయించి, 1513లో మొదలుపెట్టిన ముట్టడిని 1514లో ముగించాడు. 1515లో కొండవీడు పడి రాకుమారుడు వీరభద్రుడు చిక్కాడు. రామానందుడి రాజమహేంద్రవరం శత్రువు దారిలోకి వచ్చింది ఆ తర్వాతే.

గుణుపురం పాఠకుడు:
పదవి లేనివాళ్ల పలుకుబడి ఎలా నడిచేదో రామానందుడి సోదరుడు గోపీనాథ పట్టనాయకుడి సంగతిలో కనిపిస్తుంది. ఇదీ చరితామృతంలోదే, భక్తుడు రాసిందని గుర్తుంచుకునే చదవాలి. మాలజ్యాఠా దండపాటం (అప్పటి ఒక పాలనా ప్రాంతం) పన్ను వసూళ్లలో అతను 2 లక్షల కహణాల గవ్వలు బాకీపడ్డాడు. కహణానికి 1280 గవ్వలు, అంటే 25 కోట్ల 60 లక్షలు! బదులుగా 10, 12 గుర్రాలు ఇస్తానన్నాడు. రాకుమారుడు వెల తగ్గించి కట్టాడు, మాటామాటా పెరిగింది, కింద కత్తులు పరిచి, వాటి మీదికి తోసేయడానికి గోపీనాథుణ్ని మంచె ఎక్కించారు. కొలువులోని హరిచందన పాత్రుడు రాజుతో చెప్పి ప్రాణం నిలబెట్టాడు. చైతన్యుడు మాత్రం రాజు సొమ్ము తిన్నవాడి కోసం అడగనన్నాడు, ఈ గొడవ పడలేక పూరీ వదిలి ఆలాలనాథ్ వెళ్లిపోతానన్నాడు. ఆ మాట రాజగురువు కాశీమిశ్రుడు రాజు చెవిన వేశాడు. అంతే, బాకీ మాఫీ, పదవి యథాతథం, జీతం రెట్టింపు.

రుషికుల్య (బరంపురం):
నేను చెప్పేదీ అదే కదండీ! స్వామి అడగకపోయినా, ఆయన వెళ్లిపోతాడేమోనన్న బెంగతోనే ఖజానాకు గండి పడింది. అలాంటి రాజు సేనానులను కట్టుదిట్టంగా ఎలా ఉంచగలడు?

మహేంద్రగిరి (పర్లాకిమిడి):
ఖజానా నష్టం ఒప్పుకుంటాను. కానీ అది వసూళ్ల లెక్క, యుద్ధం లెక్క కాదు. 1540లో రాజు పోయాక ఆయన కొడుకులు కాలువాదేవుడు, కఖారువాదేవుడు ఇద్దరినీ చంపించి 1541లో గద్దెనెక్కింది విద్యాధరుడే. మందారణ్‌లో కటకం కోటను అతని చేతినుంచి తీసేసి ఉంటే ఆ బలం అతనికి ఎక్కడిది? చైతన్యుడి మాట మీద 1513–15 మధ్య ఏ సేన ఆగిందో, ఏ కోటకు సాయం అందలేదో ఒక్క శాసనం చూపించండి, అప్పుడు మాట్లాడదాం.