పాతబస్తీ ఇల్లు అమ్మేటప్పుడు 2009 వరద సంగతి చెప్పి తీరాలా?

హంద్రీగట్టు: కర్నూలు పాతబస్తీలో మా నాయన కట్టిన మిద్దె అమ్మకానికి పెట్టినాం. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీద పడినప్పుడు కింది పోర్షన్ మునిగింది. తర్వాత ప్లాస్టరింగ్ చేయించినాం. చూసిపోయిన ఆదోని ఆయన వరద ఊసెత్తలేదు. బ్రోకరేమో అడగనిది చెప్పొద్దంటాడు. చట్టం ఏమంటుంది?

బురుజుకాడ: చెప్పే పనే లేదు. పాతబస్తీ మునిగిందని రాష్ట్రమంతా తెలుసు. ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) క్లియర్‌గా ఉండి, లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) సరిపోతే చాలు.

సుంకేసుల: ఈసీలో గోడ నెమ్ము కనపడదన్నా, రిజిస్టరైన లావాదేవీలే వస్తాయి. 1882 ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ చదువు. అమ్మేవాడికి తెలిసి కొనేవాడికి తెలియని ముఖ్యమైన లోపం, మామూలు జాగ్రత్తతో చూసినా బయటపడనిది, ఆస్తిలో ఉన్నా హక్కులో ఉన్నా చెప్పల్ల. చెప్పకుంటే మోసమని ఆ సెక్షన్‌లోనే ఉంది.

బురుజుకాడ: మామూలు జాగ్రత్త అని నువ్వే రాసినావు. వరదేమన్నా రహస్యమా?

తుంగభద్రమ్మ: చెప్పి అమ్మండి. ఇంకొకరి ఉసురు మనకెందుకు.

సుంకేసుల: వరద రహస్యం కాదు, గోడ రహస్యం. మేం కొన్న ఇంటికి రిజిస్ట్రేషన్ ముందే పుట్టీ పెట్టి రంగేయించినారు. వానాకాలం పోయినాక బీరువా జరిపి చూస్తే నడుమెత్తు దాకా తెల్లగా ఉప్పు పేలి ఉండాది. గోరు పెడితే ఇసుక రాలింది. ఏ జాగ్రత్తతో చూడల్ల నేను దాన్ని?

బురుజుకాడ: మేస్త్రీని తోడు తీసుకుపోవల్ల.

సుంకేసుల: పుట్టీ వెనక మేస్త్రీకి మాత్రం ఏం కనపడుతుంది?

కొత్తబస్టాండు: రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) ఫిర్యాదు చేయొచ్చు కదా, అయిదేళ్ళ గ్యారంటీ అంటారు?

కోర్టుమెట్లు: అది బిల్డర్ల మీద, సొంతిల్లు అమ్ముకునే వాళ్ళకు వర్తించదు. ఇక్కడ చూడాల్సింది 1872 కాంట్రాక్టు చట్టం. ఊరికే నోరు మూసుకోవడం వేరు, తెలిసి కప్పిపుచ్చడం వేరు. మౌనమే అయితే, మామూలు శ్రద్ధతో నిజం తెలుసుకునే వీలున్న కొనుగోలుదారు ఒప్పందాన్ని రద్దు చేసుకోలేడని 19వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. పుట్టీతో కప్పినవాడు ఆ మినహాయింపు చాటున దాక్కోవడం కష్టం. కాబట్టి వరద వచ్చిందన్న మాట కన్నా గోడల స్థితి చెప్పడం ముఖ్యం.

బురుజుకాడ: అంటే రంగేసి అమ్మితే నేరమా? పండక్కి రంగేయరా ఎవరూ? సుంకేసులా, నీకొక ఇల్లు కలిసిరాలేదని ఊళ్ళో అమ్ముకునేవాళ్ళందరినీ దొంగల్ని చేస్తావా?

సుంకేసుల: ఎవరినన్నా దొంగ అన్నానా? నీకెందుకంత మంట? నీదీ అమ్మకానికి ఉండాదా?

బురుజుకాడ: ఉండాది. అయితే ఏం? ఆ నీళ్ళలో మా బియ్యం, బట్టలు, పిల్లల సర్టిఫికెట్లు పోయినాయి. అప్పు చేసి ఇల్లు బాగు చేసుకున్నాం. ఇప్పుడు మునిగిన ఇల్లని నేనే చెప్పి లక్షలు తగ్గించుకోవల్లనా? ఆ వరదకు ఎన్నిసార్లు కట్టల్ల మేం? నా బాధ ఇది, మీ సెక్షన్లు కాదు.

సుంకేసుల: ఈ మాట మొదటే చెప్పింటే ఇంత దూరం వచ్చేది కాదు. నీ నష్టం నిజమే, నీకు ఎవరూ ఇచ్చింది లేదు. కానీ నాకు తెలియకుండా దాన్ని నా నెత్తిన పెడితే, నేనూ అప్పు చేసి కొన్నోణ్ణే కదా? ఇంటి లోను కంతులు కడతానే మళ్ళీ గోడలు గీకిస్తాండా. తెలిసింటే అదే ఇల్లు కొనేవాణ్ణేమో, ఆ ధరకు మాత్రం కాదు.

బురుజుకాడ: ధర కాడికే వచ్చినావు చూడు.

సుంకేసుల: అవును, ధరే. దాన్ని ఇద్దరం తెలిసి తేల్చుకోవల్ల.

కోర్టుమెట్లు: హంద్రీగట్టు గారూ, ఏది మునిగింది, ఏది బాగుచేయించారు, ఇప్పటికీ నెమ్ము ఎక్కడుంది అన్నీ అగ్రిమెంటులో రాయించి ఇద్దరూ సంతకాలు పెట్టండి. రేపు తెలియదనడానికి ఆయనకు వీలుండదు, దాచారనే మాట మీకు రాదు.

హంద్రీగట్టు: ఆదోని ఆయనకు ఇప్పుడే ఫోన్ చేసి చెప్పినా. వంటింటి వెనక గోడ సంగతి కూడా చెప్పినా. ఆదివారం మేస్త్రీతో వస్తాడంట, బేరం ఆ తర్వాతే అన్నాడు.

బురుజుకాడ: ఎంత తగ్గించమన్నాడో ఇక్కడ రాయన్నా. మా ఇంటి బేరానికి నాకది తెలియల్ల.