అప్‌డేట్: అమ్మ డల్లాస్ చేరింది

శ్రీకాకుళం నుంచి అమ్మ ఒంటరిగా డల్లాస్‌లోని తమ్ముడి దగ్గరికి వెళ్లాలని, దుబాయ్ నుంచి డల్లాస్ సుమారు 13,000 కిలోమీటర్లే కదా, గంటకు 900 చొప్పున పద్నాలుగున్నర గంటలు చాలదా, టికెట్‌లో 16 ఎందుకుందని అడిగాను. జవాబులిచ్చిన అందరికీ నమస్కారం.

మీరు చెప్పిందే నిజం. పడమటికి వెళ్లేటప్పుడు పైగాలులు ఎదురొస్తాయి. దానికి తోడు విమానం రన్‌వే కోసం ఆగే సమయాన్ని కూడా అందులోనే కలుపుతారు. తిరుగు ప్రయాణంలో గాలి వెనకనుంచి తోస్తుంది కనుక టికెట్‌లో సమయం తక్కువే ఉంది.

ఉదయం 11 గంటలకు కారులో భోగాపురం మీదుగా విశాఖ వెళ్లాం. అక్కడినుంచి హైదరాబాద్, దుబాయ్, డల్లాస్. గుమ్మం దాటినప్పటినుంచి తమ్ముడి ఇంట్లో అడుగుపెట్టే వరకు 35 గంటలు. అందులో గాలిలో ఉన్నది 21 గంటలే, మిగతాదంతా వరుసల్లోనూ కుర్చీల్లోనూ గడిచింది. నేను లెక్క వేయనిది సరిగ్గా అదే!

దుబాయ్‌లో రాత్రి రెండున్నరకు ఎక్కి, డల్లాస్‌లో అదే రోజు ఉదయం తొమ్మిదిన్నరకు దిగింది. "ఏడు గంటలే కదరా, పదహారన్నావు?" అని ఫోనులో నన్నే నిలదీసింది. రెండు ఊళ్ల గడియారాలకు తొమ్మిది గంటల తేడా అని చెప్పినా నమ్మలేదు. పాదాలు మాత్రం నమ్మాయి, చెప్పులు పట్టనంతగా వాచాయట. మీ సలహా ప్రకారం ముందే వీల్‌చైర్ అడగడం మంచిదైంది. పలాస జీడిపప్పు డబ్బాను మాత్రం ఒడిలోంచి దించలేదట.