రోడ్లకు తీసుకున్న భూమి: బ్రిటిష్ కాలపు జిల్లా కోర్టు రైతుకు నిజంగా రక్షణేనా?

శిస్తులెక్క:
మద్రాసు ప్రెసిడెన్సీలో రోడ్ల కోసం భూమి తీసుకున్నప్పుడు కలెక్టరు ఇష్టారాజ్యం సాగలేదని, పైన జిల్లా జడ్జి ఉన్నాడని చాలామంది రాస్తుంటారు. 1894 నాటి ఒకటో నంబరు చట్టాన్ని, అంటే 2014లో కొత్త చట్టం వచ్చేదాకా ఉన్న భూసేకరణ చట్టాన్ని, దాని మొదటి రూపంలో వరసగా చదివితే నాకు అలా అనిపించదు. సెక్షన్ 6 కింద గెజిట్‌లో ప్రకటన పడ్డాక ఆ పని ప్రజా ప్రయోజనం కోసమా కాదా అన్నది తేలిపోయినట్టే, కోర్టు అడగడానికి లేదు. కోర్టుకు మిగిలేది ధర, కొలత, ఎవరి వాటా ఎంత అన్నవే. ఆ ధర దగ్గరికి చేరడానికీ రైతు మూడు గండాలు దాటాలి.

మొదటిది సెక్షన్ 9 నోటీసు. నోటీసు వేశాక కనీసం 15 రోజుల గడువిచ్చి హాజరు తేదీ పెడతారు. ఆ రోజు క్లెయిము అంకెతో సహా చెప్పాలి. చెప్పిన అంకెకు మించి కోర్టు ఇవ్వకూడదని సెక్షన్ 25. సరైన కారణం లేకుండా ఏమీ చెప్పకపోతే కలెక్టరు ఇచ్చినదానికి మించి పైసా రాదు. రెండోది డబ్బు తీసుకునేటప్పుడు అభ్యంతరంతో తీసుకుంటున్నానని రాయించడం. ఊరికే సంతకమో వేలిముద్రో పెట్టి తీసుకుంటే వివాదాన్ని కోర్టుకు పంపమని కలెక్టరును అడిగే హక్కు అక్కడితో సరి. మూడోది గడువు. అవార్డు, అంటే పరిహారం మీద కలెక్టరు నిర్ణయం, చెప్పేటప్పుడు ఎదుట ఉంటే ఆరు వారాలు. లేకపోతే నోటీసు అందిన ఆరు వారాలు, అవార్డు తేదీ నుంచి ఆరు నెలలు, వీటిలో ఏది ముందయితే అది. పైగా దరఖాస్తు పెట్టుకోవాల్సింది కోర్టులో కాదు, అదే కలెక్టరు దగ్గర.

వకాల్తా:
శిస్తులెక్క గారూ, సెక్షన్లు మీరు చెప్పినట్టే ఉన్నాయి, తేల్చిన తీరుతోనే నా పేచీ. ముందున్న చట్టాలతో పోల్చకుండా 1894ను తూచలేం. మద్రాసుకు 1852లో 20వ చట్టం వచ్చింది. దాన్ని రద్దు చేసి 1857లో మొత్తం బ్రిటిష్ ఇండియాకు ఆరో చట్టం తెచ్చారు. ధర కుదరకపోతే మధ్యవర్తులకు అప్పగించేవాళ్లు. లంచమో దుష్ప్రవర్తనో రుజువైతే తప్ప వాళ్ల తీర్పు కదిలేది కాదు. ఆ మధ్యవర్తిత్వం మీద నమ్మకం పోయాకే 1870లో పదో చట్టం వివాదాన్ని సివిల్ కోర్టుకు మార్చింది. నిర్బంధంగా తీసుకుంటున్నందుకు మార్కెట్ ధర మీద 15 శాతం అదనం అప్పుడే మొదలైంది.

కోర్టుకు వెళ్లినవాడు నష్టపోయేదీ లేదు. కలెక్టరు ఇచ్చినదానికంటే జడ్జి తగ్గించడానికి వీల్లేదు. పెంచితే ఆ పెరిగిన మొత్తం మీద స్వాధీనం చేసుకున్న నాటి నుంచి 6 శాతం వడ్డీ వేయించవచ్చు. కలెక్టరు అవార్డు నిలబడకపోతే, రైతు మరీ అడ్డగోలుగా అడిగి ఉంటే తప్ప, ఖర్చులు మామూలుగా కలెక్టరే భరించాలి. ఆపైన హైకోర్టుకు అప్పీలు ఉంది. ఇంత ఉన్నదాన్ని ఉత్త కాగితం కింద జమకట్టడం న్యాయం కాదు.

శిస్తులెక్క:
1870ని మీరే ఎత్తారు కాబట్టి అసలు మాట అక్కడే ఉంది. ఆ చట్టంలో ధర కుదరకపోతే కలెక్టరే కోర్టుకు పంపాలి. పిలిచినవాడు రాకపోయినా పంపాలి. జడ్జి పక్కన ఇద్దరు అసెసర్లు, అంటే ధర తేల్చడంలో సాయపడేవాళ్లు, కూర్చునేవారు. 1894లో అసెసర్లను తీసేశారు. కలెక్టరు అవార్డు దానంతటదే ఖాయమయ్యేలా చేసి, కోర్టుకు పంపించుకునే బరువు రైతు నెత్తిన పెట్టారు. వ్యాజ్యాలు తగ్గాలన్నది ఉద్దేశం, తగ్గించిన దారి ఇది. రోడ్డుకు పోయే కొద్దిపాటి చెక్క విషయంలో ఈ మార్పే రైతును చంపింది.

గొలుసులింకు:
కొలతల వైపు నుంచి చూస్తే ఇంకా స్పష్టపడుతుంది. చెరువుకో కాలువ మొదట్లో కట్టే హెడ్‌వర్క్స్‌కో అయితే ఒక్కొక్కరి భూమి పెద్ద ముక్కగా పోతుంది. రోడ్డు అలా కాదు, పొడుగ్గా సన్నగా పోతుంది. 66 అడుగుల గొలుసు వెడల్పుతో ఒక మైలు రోడ్డు వేస్తే సరిగ్గా 8 ఎకరాలు. అర గొలుసు, అంటే 33 అడుగులయితే 4 ఎకరాలు. ఆ నాలుగెకరాలూ బోలెడు మంది పట్టాల్లోంచి సెంట్ల లెక్కన వస్తాయి.

10 గొలుసుల పొడవు, 5 గొలుసుల వెడల్పు ఉన్న అయిదెకరాల చేను తీసుకోండి. పొడవునా అర గొలుసు రోడ్డు పోతే 50 సెంట్లు. ఎకరం 300 రూపాయలనుకుంటే 150 రూపాయలు, 15 శాతం కలిపితే 172 రూపాయల 8 అణాలు. కోర్టు ఎకరానికి 50 రూపాయలు పెంచిందనుకున్నా రైతుకు అదనంగా వచ్చేది 28 రూపాయల 12 అణాలు. ఇంతకోసం ప్లీడరును పెట్టుకుని, సాక్షులను వెంటేసుకుని జిల్లా కేంద్రానికి వాయిదాలకు తిరగాలి. వచ్చే ఖర్చులు గెలిచాకే కదా.

అసలు నష్టం ఆ 50 సెంట్లలో కాదు, మిగిలిన నాలుగున్నర ఎకరాల్లో ఉంటుంది. డెల్టా చేలలో నీరు పై మడి నుంచి కింది మడికి బోదెల్లో దిగుతుంది. రోడ్డు గట్టు అడ్డంగా లేచి, బోదె దాటే చోట తూము వేయకపోతే పైవైపు నీరు నిలిచి మొక్క కుళ్లుతుంది, కిందివైపు ఎండుతుంది. తూము వేసినా దాని అడుగు మట్టం బోదె అడుగుకంటే ఎత్తున పెడితే ఫలితం అదే. చేను రెండు ముక్కలైన నష్టం సెక్షన్ 23లో లెక్కకు వస్తుంది, కాకపోతే 15 శాతం దానికి వర్తించదు, భూమి ధరకే. ఆ నష్టం సెక్షన్ 9 హాజరు రోజునే అడగాలి. అప్పటికి గట్టే లేవలేదు, తూము ఎక్కడ వస్తుందో రైతుకు ఎలా తెలుస్తుంది? ఈ ఒక్క కారణం చాలు, ఆ చట్టం కాలువ కింది రైతును దృష్టిలో పెట్టుకుని రాసింది కాదనడానికి.

గట్టుకు మట్టి తవ్విన గుంతల సంగతి వేరు. ఆ భూమిని సేకరించకుండా సెక్షన్ 35 కింద తాత్కాలికంగా, గరిష్ఠంగా మూడేళ్లకు తీసుకోవచ్చు. గడువయ్యాక తిరిగి అప్పగించి, ఒప్పందంలో లేని నష్టముంటే కట్టివ్వాలి. మూడడుగులు తవ్విన నల్లరేగడి చేను మళ్లీ చేను కావడం తేలిక కాదు.

మన్యంబాట:
మీరంతా మైదానం గురించే మాట్లాడుతున్నారు. 1839 నాటి 24వ చట్టంతో గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధిలోంచి తీసేశారు. అక్కడ కలెక్టరే గవర్నరు ఏజెంటు. సివిల్, క్రిమినల్ అధికారం ఆ కచేరీదే. అవార్డు ఇచ్చే యంత్రాంగానికి పైవాడూ, దాని మీద ఫిర్యాదు వినాల్సినవాడూ ఒక్కరే అయినచోట జిల్లా కోర్టు రక్షణ అన్న మాటకు అర్థమేముంది? పోడు చేసుకునేవాడికి పట్టా లేదు కాబట్టి నోటీసు ఇవ్వాల్సినవాళ్ల జాబితాలో పేరే ఎక్కదు.

అక్కడ రోడ్డు భారం పరిహారం రూపంలో కాదు, కూలి రూపంలో పడింది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం, చింతపల్లి మధ్య రోడ్డు పనుల్లో మన్యం జనం చేత చాలీచాలని కూలికి బలవంతంగా చాకిరీ చేయించాడు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడులకు ముందున్న కోపాల్లో అదొకటి. ఆ కోపాన్ని వినే కోర్టు ఏదీ లేదు.

వకాల్తా:
మన్యం విషయంలో వాదించను, అది వేరే న్యాయవ్యవస్థే. దాన్ని చూపించి మైదానంలోని జిల్లా కోర్టులను కొట్టేయవద్దని మాత్రమే నా మనవి. జమీందారీ గ్రామాల్లో ఈ కోర్టే రైతుకు దిక్కు. పరిహారం మొత్తం భూస్వామినైన నాదేనని జమీందారు అంటే, నా సాగు హక్కుకు ధర ఉందని రైతు అంటే, ఆ పంపకాన్ని సెక్షన్ 30 కింద కోర్టే తేల్చాలి. 1908 ఎస్టేట్స్ లాండ్ యాక్టు రైతు సాగు హక్కును ఖాయం చేశాక ఆ వాదనకు బలం పెరిగింది. 1923 సవరణతో సెక్షన్ 5ఎ కూడా వచ్చింది, అసలు భూమి తీసుకోవద్దనే అభ్యంతరం 30 రోజుల్లో చెప్పుకోవచ్చు.

శిస్తులెక్క:
5ఎ అభ్యంతరం వినేది కలెక్టరే, నిర్ణయించేది ప్రభుత్వం. కోర్టు అక్కడా లేదు. సెక్షన్ 30 మాట మాత్రం ఒప్పుకుంటాను, జమీందారీ రైతుకు అది పనికొచ్చింది. దూరం సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. చట్టంలో కోర్టు అంటే ఆ ప్రాంతపు ప్రధాన సివిల్ కోర్టు, ప్రభుత్వం ప్రత్యేకంగా వేరొక అధికారిని నియమిస్తే తప్ప. ఊరికి దగ్గరున్న జిల్లా మునసబుకు, అంటే కింది స్థాయి సివిల్ జడ్జికి, ఇందులో పాత్ర లేదు. 1859 నుంచి 1904లో గుంటూరు జిల్లా మళ్లీ ఏర్పడేదాకా పల్నాడు కృష్ణా జిల్లాలోనే ఉంది, జిల్లా జడ్జి బందరులో కూర్చునేవాడు. మాచర్ల వైపు రైతు కృష్ణ దాటి సముద్రం ఒడ్డుదాకా పోవాలి, ఆ 28 రూపాయల కోసం.

పాత రోడ్డు కింద తమ భూమికి డబ్బిచ్చారో లేదో చూసుకునేవాళ్లకు ఒక సూచన. రికార్డులో రోడ్డు పోరంబోకు అని ఉన్నంత మాత్రాన అది సేకరించిన భూమి అనుకోవద్దు. 1905 ఆక్రమణల చట్టం ప్రజల రోడ్లన్నీ సర్కారు ఆస్తి అంటుంది, పాత బండిబాట కూడా అందులోకి వస్తుంది. సెక్షన్ 6 ప్రకటన ఫోర్ట్ సెయింట్ జార్జి గెజిట్‌లో (మద్రాసు ప్రభుత్వ గెజిట్) ఉందా, అవార్డులో ఆ సర్వే నంబరు ఉందా చూడండి. తర్వాత ఎఫ్.ఎం.బి.లో (సర్వే నంబర్ల కొలతల పటాల పుస్తకం) రోడ్డు చెక్కకు సబ్‌డివిజన్ పడిందా, ఆ మేరకు పట్టాలో విస్తీర్ణం, శిస్తు తగ్గాయా చూడండి. అవార్డు ఉండి శిస్తు తగ్గలేదంటే సబ్‌డివిజన్ కరణం లెక్కల్లోకి ఎక్కలేదన్నమాట, రైతు రోడ్డుకు కూడా శిస్తు కడుతూ పోయాడు. శిస్తు తగ్గి అవార్డు దొరకకపోతే రాజీనామా కాగితం కోసం వెతకాలి. చెక్కను వదులుకున్నట్టు రైతు చేత సంతకం పెట్టించి ఉంటే కలెక్టరు అవార్డు ఇవ్వాల్సిన పనే లేదు, కోర్టుకు వెళ్లే దారీ లేదు.